తొలి మారథానునకు సాధనక్రమము

మారథాను అనునది 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరపు పరుగు పందెము. ఒకనాడు ఈ పందెము ఒలింపిక్ క్రీడలయందు పాల్గొను కొలదిమంది వీరులకే చెందినదిగా నుండెను. నేడు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, గృహిణులు, ఉద్యోగము విరమించిన పెద్దలు సైతము ఇందు పాల్గొనుచున్నారు. హైదరాబాదులో ఆగస్టు మాసాంతమునను, ముంబయిలో జనవరి మాసమునను జరుగు మారథానులకు వేలకొలది జనులు వచ్చుచున్నారు. తొలిసారి పరుగెత్తదలచినవారు నన్ను తరచుగా అడుగు ప్రశ్న యొక్కటే: "సాధనక్రమములు పెక్కు లున్నవి గదా, వానిలో ఏది మంచిది?" ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును ఈ ప్రసంగమున మనవి చేయుదును.

ముందుగా ఈ దూరము యొక్క స్వభావమును తెలిసికొనవలయును. 1896లో ఏథెన్సు నగరమున ఆధునిక ఒలింపిక్ క్రీడలు మొదటిసారి జరిగినప్పుడు ఈ పందెము సుమారు 40 కిలోమీటర్లు. గ్రీసు దేశస్థుడగు స్పిరిడోన్ లూయీ దానిని 2 గంటల 58 నిమిషముల 50 సెకండ్లలో ముగించి గెలిచెను. 1908లో లండను నగరమున ఈ దూరమును 26 మైళ్ల 385 గజములుగా ఏర్పరచిరి. 1921లో అదియే స్థిరపడెను. ఆ లండను పందెములో ఇటలీ దేశస్థుడు డొరాండో పియెట్రి అందరికంటె ముందుగా క్రీడారంగమును ప్రవేశించియు, తుదిగీత చేరులోపల పలుమారులు నేలగూలెను. ఇతరులు లేవనెత్తి సాయపడినందున అతని గెలుపు చెల్లకపోయెను.

శిక్షణ పొందిన వీరునికే అట్టి అవస్థ కలిగెనన్న, ఈ దూరము దేహమును ఎంతగా పరీక్షించునో ఊహింపవచ్చును. మన కండరములయందును కాలేయమునందును గ్లైకోజెన్ అను చక్కెరజాతి పదార్థము నిలువయుండును. పరుగునకు ముఖ్యమైన ఇంధనము ఇదియే. పలువురికి ఈ నిలువ సుమారు 30 కిలోమీటర్లకే అడుగంటును. అప్పుడు కాళ్లు బరువెక్కును, మనస్సు క్రుంగును. పరుగెత్తువారు దీనిని గోడకు తగులుట యందురు. సాధనవలన ఈ నిలువ పెరుగును. దేహము కొవ్వును ఎక్కువగా వినియోగించుట నేర్చుకొనును. కాబట్టి సాధన లేనిదే ఉత్సాహ మొక్కటి చాలదు.

సాధన యనగా దేహమును భారమునకు కొంచెము కొంచెముగా అలవరచుట. ఇందొక చిక్కు కలదు. గుండెయు ఊపిరితిత్తులును కొలది వారములలోనే ఈ శ్రమకు అలవాటు పడును. ఎముకలును, కండరములను ఎముకలకు బంధించు స్నాయువులును గట్టిపడుటకు మాసములు పట్టును. అందుచేత రెండవ నెలలో ఆయాసము తగ్గి, "ఇంకను ఎక్కువ దూరము పోగలను" అను ధైర్యము కలుగును. కాలి ఎముక మాత్రము అప్పటికి సిద్ధముగా నుండదు. ఊపిరి సరేయన్నదని ఎముకపై భారము పెంచువాడు పందెమునాటికి వాకిట కుర్చీలో కూర్చుండవలసి వచ్చును.

నెదర్లాండ్సు దేశమున 532 మంది కొత్తవారిపై జరిపిన యొక పరిశోధనను 2008లో ప్రకటించిరి. వారిని రెండు తెగలుగా విభజించి 4 మైళ్ల పరుగునకు సిద్ధపరచిరి. ఒక తెగకు 8 వారముల క్రమమును, రెండవ తెగకు వారమునకు పదియవవంతు చొప్పున మెల్లగా పెంచుచు పోవు 13 వారముల క్రమమును ఇచ్చిరి. రెండు తెగలలోను ఇంచుమించు అయిదుగురిలో ఒకరు గాయపడిరి. 4 మైళ్లకే ఇట్లుండగా 26 మైళ్లమాట చెప్పనేల? పదియవవంతు లెక్క మంచిదే, కాని అదియొక్కటే రక్ష కాదనియు, ఏ క్రమము ననుసరించుచున్నను దేహము చెప్పుమాటను వినవలయుననియు దీనినిబట్టి తెలియుచున్నది.

ప్రసిద్ధములైన సాధనక్రమములలో పెక్కింటియందు కొన్ని అంశములు సామాన్యముగా నుండును. వారమునకొక దీర్ఘమైన పరుగు, తక్కిన దినములలో మాటలాడుచు పోగలిగినంత మెల్లని చిన్న పరుగులు, సంపూర్ణమైన విశ్రాంతిదినములు, రెండుమూడు వారముల కొకసారి దూరమును తగ్గించుట, పందెమునకు ముందు రెండు మూడు వారములు భారమును క్రమముగా దించుట. విశ్రాంతి సోమరితనము కాదు. పరుగువలన కలిగిన సూక్ష్మమైన నలుగుడును దేహము బాగుచేసికొని బలపడునది ఆ విశ్రాంతిలోనే.

ఇక క్రమములలోని భేదములను చూతము. అమెరికా దేశస్థుడు హాల్ హిగ్డన్ తొలి మారథానువారికి ఏర్పరచిన క్రమము 18 వారములది. వారమునకు నాలుగు దినములు పరుగు. మొదటి వారమున మొత్తము 15 మైళ్లు, అనగా 24 కిలోమీటర్లు. పదునైదవ వారమున 40 మైళ్లు. అందు ఒకనాటి దీర్ఘమైన పరుగే 20 మైళ్లు, అనగా 32 కిలోమీటర్లు. తరువాత భారము తగ్గును.

1972 ఒలింపిక్ క్రీడలలో అమెరికా పక్షమున పరుగెత్తిన జెఫ్ గాలోవే మరియొక మార్గమును ప్రచారము చేసెను. కొంతసేపు పరుగు, కొంతసేపు నడక, మరల పరుగు. ఇట్లు మొదటినుండి తుదివరకు నియమముగా చేయుట. అలసిన తరువాత నడచుట వేరు, అలయకముందే నడచుట వేరు. ఈ రెండవదానివలన కండరములకు ఊరట కలుగును. వయస్సు మీరినవారికిని, శరీరము బరువుగా నున్నవారికిని ఇది చక్కని మార్గము.

ఫర్మన్ విశ్వవిద్యాలయమువారి క్రమమున పరుగు వారమునకు మూడు దినములే. కాని ఆ మూడును నిర్ణీతమైన వేగముతో చేయవలసినవి. వానికి తోడు రెండు దినములు సైకిలు తొక్కుటయో ఈదుటయో ఉండును. దినములు తక్కువ గదా యని దీనిని సులభమనుకొనరాదు. హాన్సన్ సోదరుల క్రమమున వారమునకు ఆరు దినములు పరుగు. దీర్ఘమైన పరుగు మాత్రము 16 మైళ్లతో, అనగా సుమారు 26 కిలోమీటర్లతో ఆగును. ముందు దినముల అలసట తీరకయే దీర్ఘమైన పరుగు చేయుట అందలి కీలకము.

వీరులు చేసినదానిని అట్లే అనుకరింపవలెనను కోరికకూడ కొందరికి పుట్టును. న్యూజీలాండులో ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యులచే వారమునకు 100 మైళ్లు పరుగెత్తించెను. 1960 రోము ఒలింపిక్కులలో వారిలో ఇద్దరు స్వర్ణపతకములను, మారథానులో ఒకరు కాంస్యపతకమును పొందిరి. చెకోస్లొవేకియా వీరుడు ఎమిల్ జాటోపెక్ 1952లో హెల్సింకీ నగరమున తన తొలి మారథానునే గెలిచెను. తొలి మారథానే యైనను, దాని వెనుక ఏండ్ల తరబడి చేసిన కఠోరసాధన యున్నది. వారి గెలుపును చూచి ఆనందింపవచ్చును. వారి వారపు లెక్కను మాత్రము మనము ఎత్తుకొనరాదు.

మరి ఎట్లు ఎంచుకొనవలయును? నా అభిప్రాయము నొక్కమాటలో చెప్పుదును. క్రమము యొక్క చివరి వారమును చూచి కాక మొదటి వారమును చూచి ఎంచుకొనుడు. పెక్కుమంది "నాలుగు గంటలలో మారథాను" అను శీర్షికను చూచి ఆకర్షితులగుదురు. ఆ నాలుగు గంటలు ఆ కాగితమునందు లేవు. మొదటి వారమున ఎంత దూరము వ్రాసియున్నదో, అంత దూరమును మీరు గడచిన నెలదినములుగా నొప్పి లేక పరుగెత్తుచున్నచో ఆ క్రమము మీది. లేనిచో అది ఎంత గొప్పదైనను ఇంకను మీది కాదు.

దృష్టాంతముగా ఒక బ్యాంకు గుమాస్తాను తీసికొందము. ఆయన వారమునకు మూడు దినములు, దినమునకు 5 కిలోమీటర్ల చొప్పున 15 కిలోమీటర్లు పరుగెత్తుచున్నాడు. హిగ్డన్ క్రమము 24 కిలోమీటర్లతో మొదలగును. ఆయన నేడే దానిని ఆరంభించినచో తొలివారమే భారము సగమునకు పైగా పెరుగును. అట్లుగాక ఆరు వారములలో మెల్లగా 24 కిలోమీటర్లకు వచ్చి, పిమ్మట 18 వారముల క్రమమును ఆరంభింపవలయును. కాబట్టి ఆయనకు కావలసినది 24 వారములు. పందెమునకు 16 వారములే మిగిలియున్నచో ఈ యేడు సగము దూరపు పందెములో పాల్గొని, పూర్తి మారథానును వచ్చు ఏటికి ఉంచుకొనుట మేలు. ఇది ఓటమి కాదు.

రెండవది, వారములో మీకు నిజముగా ఎన్ని దినములు దొరకునో చూచుకొనుడు. బిడ్డలను బడికి పంపవలసిన తల్లి, రాత్రివంతు పనిచేయు కార్మికుడు ఆరు దినముల క్రమమును చేపట్టినచో పోగొట్టుకొనునది నిద్ర. నిద్ర తగ్గినచోట సాధన ఫలింపదు. నడుమ వదలివేసిన ఆరు దినములకంటె తుదివరకు సాగిన మూడు దినములు మేలు.

మూడవది ఋతువు. మన దేశమువారు దీనిని తప్పక లెక్కింపవలయును. పాశ్చాత్యుల క్రమములలోని వేగములు చల్లని వాతావరణమును తలచి వ్రాసినవి. హైదరాబాదు మారథానునకు ఆగస్టు చివరినుండి 18 వారములు వెనుకకు లెక్కించినచో ఏప్రిల్ నాలుగవ వారమునకు వచ్చెదము. అయిదారు వారములు గడచుసరికి రోహిణీకార్తె. ఆ కార్తెలో రోళ్లు పగులునని గదా మన పెద్దలు చెప్పుదురు! అప్పుడు తెల్లవారకముందే పరుగు ముగించుకొనవలయును. గడియారములోని వేగమును మరచిపోవలయును. దేహము ఎండకు అలవాటుపడుటకు పది పదునాలుగు దినములు పట్టును. దీర్ఘమైన పరుగులు జులై, ఆగస్టు మాసములలో వచ్చును. అప్పటి తేమగాలిలో చెమట ఆరదు, దేహము చల్లబడదు. ఆ నగరపు మార్గమున ఎత్తుపల్లములును, వంతెనలును ఉన్నవి. కాబట్టి వారమునకొకమారు మిట్ట యెక్కు పరుగు కూడ చేర్చుకొనవలయును. ముంబయి మారథానునకై సాధన సెప్టెంబరు నడుమ ఆరంభమగును. దీర్ఘమైన పరుగులు మార్గశిర పుష్యముల చలిలో పడును. తెలుగుదేశమున నుండి తొలిసారి సాధన చేయువారికి జనవరి పందెమే అనుకూలమని నా తలంపు.

ఇంత మెల్లని క్రమమువలన ఫలమేమని సందేహింపవలదు. లండను మారథానునకు తొలిసారి సిద్ధపడిన 138 మందిని పరీక్షించి, వైద్యులు 2020లో ఫలితములను ప్రకటించిరి. వారికి సూచించినది వారమునకు సుమారు మూడు పరుగుల సామాన్యక్రమమే. పందెము ముగిసిన పిమ్మట వారి రక్తపు పోటు తగ్గియుండెను. గుండెనుండి బయలుదేరు పెద్దధమని బిరుసుతనము తగ్గి, నాలుగేండ్లు చిన్నవారి ధమనివలె నుండెను. వయస్సు మీరినవారికిని, మెల్లగా పరుగెత్తినవారికిని ఈ మేలు అధికముగా కలిగెను.

కడపట కొన్ని జాగ్రత్తలు. నలువది ఏండ్లు దాటినవారును, రక్తపు పోటు, మధుమేహము, గుండెజబ్బు ఉన్నవారును వైద్యుని చూచిన పిమ్మటనే ఆరంభింపవలయును. పరుగులో రొమ్ము నొప్పి, తల తిరుగుట కలిగినచో వెంటనే ఆగవలయును. కండరములంతటను కలుగు బడలిక సహజము. ఎముకపై ఒకేచోట వ్రేలు పెట్టి చూపగలిగిన నొప్పి సహజము కాదు, దానిని పరీక్ష చేయింపవలయును. జ్వరముచేతనో ప్రయాణముచేతనో ఒక వారము తప్పినచో ఆ బాకీని మరుసటి వారమున తీర్పబూనవలదు. దీర్ఘమైన పరుగులనాడే పందెమున తినదలచిన ఆహారమును, తొడుగదలచిన జోళ్లను పరీక్షించి చూచుకొనుడు. దాహమైనంతవరకే నీరు త్రాగుడు. మితిమీరిన నీరు రక్తమునందలి ఉప్పును పలుచన చేసి ప్రాణాపాయము తెచ్చును.

ఏ క్రమమైనను ఒకరు మనకై వ్రాసి యిచ్చిన కాగితము. దానిని మన యెముకలకు, మన యింటికి, మన ఎండకు సరిపరచుకొను బాధ్యత మనదే. మొదటి వారము మీకు మరీ సులభముగా తోచినచో సంతోషింపుడు. మీరు తగినదానినే ఎంచుకొంటిరి.