రెండు ఊళ్లు - ఒకే బుట్ట

మీ నాన్నగారు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నారనుకోండి. నెల జీతం 30,000 రూపాయలు. అదంతా ఇంటి ఖర్చులకే సరిపోతోంది. హైదరాబాదుకు వస్తే 36,000 ఇస్తామని కబురు వచ్చింది. "నూటికి ఇరవై పెరిగింది, వెళ్దాం" అన్నారు నాన్నగారు. "అక్కడ ఇంటద్దె మాటేమిటండీ?" అన్నది అమ్మ. ఇద్దరిలో ఎవరి మాట సరైనది? దీనిని వాదనతో కాదు, లెక్కతో తేల్చాలి.

రెండు వస్తువుల బరువును పోల్చాలంటే తక్కెడ కావాలి. రెండు ఊళ్ల ఖర్చును పోల్చాలంటే 'బుట్ట' కావాలి. బుట్ట అంటే మీ కుటుంబం నెల రోజుల్లో వాడుకొనే వస్తువులూ, సేవలూ అన్నీ కలిసిన జాబితా: బియ్యం, పప్పు, కూరగాయలు, ఇల్లు, బస్సు ప్రయాణం, బడి ఫీజు వగైరా. ఆ ఒక్క బుట్టనే రెండు ఊళ్లలోనూ కొని చూడాలి.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక కళాశాలలో 15వ శతాబ్దంలో ఒక నియమం పెట్టారు. సొంత ఆదాయం ఏడాదికి 5 పౌన్లు మించినవారికి అక్కడ స్థానం లేదు. 1707లో విలియం ఫ్లీట్‌వుడ్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు ఈ నియమాన్ని పరిశీలించాడు. ధాన్యం, మాంసం, పానీయాలు, బట్టల పాత ధరలను సేకరించాడు. పూర్వం 5 పౌన్లకు వచ్చిన సరుకులకు తన రోజుల్లో అంతకు ఎన్నో రెట్లు కావాలని తేల్చాడు. ఆయన రెండు కాలాలను పోల్చాడు, మనం రెండు ఊళ్లను పోలుస్తున్నాం. పద్ధతి మాత్రం ఒకటే.

ఇక మన లెక్క చూద్దాం. ఈ అంకెలు లెక్క తేలికగా ఉండటానికి మనం అనుకున్నవే.

ఇంటి అద్దె: విశాఖలో 8,000, హైదరాబాదులో 13,000
తిండి: 12,000, 12,600
ప్రయాణాలు: 2,000, 4,000
చదువు, ఇతర ఖర్చులు: 8,000, 9,400
మొత్తం: 30,000, 39,000

అద్దె 62.5 శాతం, తిండి 5 శాతం, ప్రయాణాలు 100 శాతం, మిగిలినవి 17.5 శాతం పెరిగాయి. కొందరు ఈ నాలుగింటినీ కూడి నాలుగుతో భాగిస్తారు. అప్పుడు 46.25 శాతం వస్తుంది. అది తప్పు! ఎందుకని? ఉప్పు ధర రెట్టింపైనా ఇల్లు గడిచిపోతుంది. బియ్యం ధర రెట్టింపైతే గడవదు. అంటే ఖర్చులో దేని వాటా ఎంతో దాని 'భారం' అంత అన్నమాట. భారాలను లెక్కలోకి తీసుకొంటే, 39,000ను 30,000తో భాగించి 100తో గుణించాలి. 130 వస్తుంది. దీనినే సూచీ సంఖ్య అంటారు. విశాఖలో 100 రూపాయలకు జరిగే పనికి హైదరాబాదులో 130 కావాలి.

మరి 36,000 రూపాయల జీతం? దానిని 1.3తో భాగించండి. సుమారు 27,692 వస్తుంది. అంటే జీతం కాగితం మీద పెరిగింది, ఇంట్లో తగ్గింది! నాన్నగారు 39,000కు తగ్గకుండా అడగాలి.

ప్రయాణాల ఖర్చు ఎందుకు రెట్టింపు అయింది? టికెట్టు ధర రెట్టింపు కావడం వల్ల కాదు, ఇంటికీ ఆఫీసుకూ మధ్య దూరం పెరగడం వల్ల. కాబట్టి బుట్టలో 'ఇన్ని కిలోమీటర్లు' అని కాక, 'పనికి వెళ్లి రావడం' అని రాసుకోవాలి.

ఇక్కడొక చిక్కు ఉంది. సముద్రపు ఒడ్డున ఉన్నవారు చేపలు ఎక్కువగా తింటారు. ఊరు మారితే వంట కూడా కొంత మారుతుంది. విశాఖలో చేపలు, కోడిమాంసం రెండూ కిలో 200 అనుకోండి. హైదరాబాదులో చేపలు 300, కోడిమాంసం 200. విశాఖ అలవాటు ప్రకారం 4 కిలోల చేపలు, 2 కిలోల కోడిమాంసం కొంటే అక్కడ 1,200, ఇక్కడ 1,600. సూచీ 133. హైదరాబాదు అలవాటు ప్రకారం 2 కిలోల చేపలు, 4 కిలోల కోడిమాంసం కొంటే 1,200, 1,400. సూచీ 117. ధరలు అవే, బుట్ట మారేసరికి జవాబు మారింది!

బయలుదేరే చోటి బుట్టతో లెక్కించే పద్ధతికి జర్మన్ ఆర్థికవేత్త లాస్పేర్ పేరు, చేరే చోటి బుట్టతో లెక్కించే పద్ధతికి పాషే పేరు ఉన్నాయి. ఈ రెండు సంఖ్యలనూ గుణించి వర్గమూలం తీసుకోవడం మేలని అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1922లో వాదించాడు. ఆ లెక్కన మన జవాబు సుమారు 125.

మరొక పొరపాటు జరగకుండా చూసుకోండి. మన దేశంలో కార్మిక బ్యూరో పారిశ్రామిక కార్మికుల కోసం ధరల సూచీలను ప్రకటిస్తుంది. 2020లో మొదలైన వరుసలో 88 కేంద్రాలు ఉన్నాయి. వాటన్నిటికీ 2016లోని ధరలే 100. ఒక ఊరి సూచీ 140, మరొక ఊరి సూచీ 145 అయితే రెండో ఊరు ఖరీదైనదని చెప్పవచ్చునా? చెప్పకూడదు. ఏ ఊరి సూచీ అయినా ఆ ఊరినే దాని పాత ధరలతో పోలుస్తుంది. 2016 నుంచి తమ్ముడు అన్నకంటే ఎక్కువ అంగుళాలు ఎదిగి ఉండవచ్చు. అంతమాత్రాన తమ్ముడే పొడుగని చెప్పలేం గదా!

ఊళ్ల మధ్య తేడాను ప్రభుత్వమూ గుర్తిస్తుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 2017 జూలైలో ఇంటి అద్దె భత్యాన్ని మూల వేతనంలో 24, 16, 8 శాతాలుగా నిర్ణయించారు. హైదరాబాదు మొదటి తరగతిలో, విశాఖపట్నం రెండో తరగతిలో ఉన్నాయి.

మీరూ ఈ లెక్క చేసి చూడవచ్చు. ఒక నెలపాటు ఇంటి ఖర్చులను నోటుబుక్కులో రాయండి. మరో ఊళ్లో ఉన్న మీ మామయ్యకో, పిన్నికో అదే జాబితా పంపి అక్కడి ధరలు తెలుసుకోండి. అయితే వస్తువు నాణ్యత ఒకటే ఉండాలి సుమా! సన్నబియ్యం ధరను ముతకబియ్యం ధరతో పోలిస్తే తక్కెడ ఒక పక్కకు మొగ్గుతుంది.

బామ్మగారు పక్క వీధిలో ఉండటం, సాయంత్రం సముద్రపు గాలి తగలడం వంటివి ఈ బుట్టలో పట్టవు. వాటి సంగతి ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించుకోవలసిందే. కాని అలా కూర్చొనే ముందు లెక్క చేతిలో ఉండాలి.