వేరు కాపురాల బడులు - ఉమ్మడి బేరాలు

అమ్మాయి పురుటికని న్యూజెర్సీకో, న్యూయార్క్‌కో వెళ్ళొచ్చిన తల్లుల్ని కదిపి చూడండి. అక్కడి చలి గురించి ఎంత చెబుతారో ఇంటిపన్ను గురించీ అంతే చెబుతారు. "అంత పన్నెందుకే తల్లీ?" అంటే, "అందులో పెద్ద వాటా బడిదేనమ్మా" అంటుంది కూతురు.

నిజమే. అమెరికాలో సర్కారు బడులకి రాష్ట్రం కొంత ఇస్తుంది, కేంద్రం కాస్త విదిలిస్తుంది, మిగిలింది చాలా చోట్ల ఆ ఊరి ఇళ్ళ మీద, స్థలాల మీద వేసే పన్నే. ఆ డబ్బుతో బడులు నడిపే సంస్థని 'స్కూల్ డిస్ట్రిక్ట్' అంటారు. పేరు విని మన కృష్ణా జిల్లా అంతో, వరంగల్ జిల్లా అంతో ఊహించుకునేరు! కొన్ని డిస్ట్రిక్టుల్లో అన్ని తరగతులూ కలిపినా పిల్లలు కొద్ది వందల మందే. అయినా దేని బోర్డు దానిదే. సూపరింటెండెంటు, లెక్కలు చూసేవాళ్ళు, బస్సులు, వంటగది, అన్నీ విడివిడిగానే. అచ్చంగా వేరు కాపురమన్నమాట.

1939-40లో ఆ దేశంలో ఇలాంటి డిస్ట్రిక్టులు 1,17,000 పైచిలుకు ఉండేవి. ఒకదాన్నొకటి కలుపుకుంటూ వచ్చి ఇప్పటికి 13,000 చిల్లర మిగిలాయి. మిగతావి కూడా కలిపేస్తే పోలేదా అంటారా? అక్కడే వస్తుంది చిక్కు. పల్లెటూళ్ళో బడి మూసేస్తే ఆ ఊళ్ళో నలుగురూ చేరే చోటే పోతుంది. పొరుగూరి బోర్డు మన పిల్లల సంగతి పట్టించుకుంటుందా అని బెంగ. ఆఖరికి ఫుట్‌బాల్ జట్టు పేరు మార్చడానికి కూడా ఒప్పుకోరు. నవ్వకండి, మన ఊళ్ళో జాతర ఎవరి వీధిలో మొదలవ్వాలన్న తగువు అంతకంటే చిన్నదా?

అందుకని న్యూయార్క్ రాష్ట్రం 1948లో ఓ మధ్యే మార్గం పెట్టింది. కాపురాలు వేరుగానే ఉంటాయి, కొన్ని పనులు మాత్రం ఉమ్మడిగా చేసుకోవచ్చు. వాటికోసం పుట్టిన సహకార మండళ్ళని పొట్టిపేరుతో 'బోసెస్' అంటారు. ఇప్పుడు ఆ రాష్ట్రంలో 37 ఉన్నాయి. న్యూయార్క్ నగరంలాంటి అయిదు పెద్ద నగరాలు వీటిలో లేవు. బోసెస్‌కి సొంతంగా పన్ను వేసే అధికారం లేదు. సభ్య డిస్ట్రిక్టులు ఏటా తమకేం కావాలో ఎంచుకుని వాటికి డబ్బు కడతాయి. కేటరింగ్ ఆయనతో "పులిహోర, బూరెలు చాలు, బిరియానీ వద్దు" అని చెప్పినట్టే. కాకపోతే ఆఫీసు ఖర్చు, భవనాల ఖర్చు మాత్రం ఏమీ తీసుకోకపోయినా అందరూ పంచుకోవాలి. ఇలా ఉమ్మడిగా తీసుకున్న సేవలకి అయిన ఖర్చులో కొంత భాగం రాష్ట్రం మరుసటి ఏడాది తిరిగి ఇస్తుంది. పేద డిస్ట్రిక్టుకి ఎక్కువ, కలిగినదానికి తక్కువ.

మన పేజీకి దగ్గరి విషయం, వంటగది సంగతి చూద్దాం. వేసవిలో మీ వీధి ఆడవాళ్ళు పదిమంది కలిసి గుంటూరు నుంచి ఎండుమిరపకాయలు టిక్కీల లెక్కన తెప్పించుకుంటారు కదా? పాలు, రొట్టెలు, కాగితం పళ్ళాలు కొనేటప్పుడు చాలా డిస్ట్రిక్టులు చేసేదీ అదే. పది బడులకీ కలిపి ఒక్క టెండరు పిలుస్తారు. ఎంత సరుకు పోతుందో వర్తకుడికి ముందే తెలుస్తుంది, బండి ఒకే దారిన తిరుగుతుంది, అందుకే ధర దింపుతాడు. ఒక డిస్ట్రిక్టులో వంట వ్యవహారం చూసే మేనేజరే పక్క డిస్ట్రిక్టుదీ చూసే పద్ధతి కూడా ఉంది. ఒక్క జీతం ఇద్దరు పంచుకుంటారు.

మరి ఇబ్బందులో? మిరపకాయల బేరంలో ఒకావిడకి కారం కావాలి, ఇంకొకావిడకి రంగు కావాలి. ఉమ్మడిగా కొంటే ఏదో ఒక రకానికి అందరూ సర్దుకోవాలి. పైగా పది బడులకి సరిపడా సరుకు ఊళ్ళో చిన్న బేకరీవాడు ఇవ్వలేడు. టెండరు పెద్ద కంపెనీకే పోతుంది. డబ్బు మిగులుతుంది సరే, ఆ బేకరీ ఆయన కడుతున్నదీ ఆ ఊరి పన్నే కదండీ!

నా మటుకు నాకు ఈ ఏర్పాటులో గొప్పగా తోచింది బేరాలు కాదు. చిన్న డిస్ట్రిక్టులో వినబడని పిల్లాడు ఒక్కడే ఉన్నాడనుకోండి. వాడొక్కడికోసం పూర్తి జీతమిచ్చి ప్రత్యేక టీచర్ని పెట్టుకోలేరు. బోసెస్ పెట్టిన టీచరయితే సోమవారం ఈ బడికి, మంగళవారం ఆ బడికి వెళుతుంది. పెద్ద తరగతుల పిల్లలు సగం పూట సొంత బడిలో చదువుకుని, మిగతా సగం పూట ఉమ్మడి కేంద్రానికి బస్సెక్కి వెళ్ళి మోటారు రిపేరో, నర్సింగ్ సహాయమో, హోటలు వంటో నేర్చుకుంటారు. ఏ ఒక్క డిస్ట్రిక్టూ తనంత తానుగా పెట్టలేని చదువులు ఇవి.

అయితే ఆ బస్సు సంగతి మరిచిపోకూడదు. దూరాలు ఎక్కువున్న చోట పిల్లల పొద్దంతా రోడ్డు మీదే గడిచిపోతుంది. ప్రత్యేక శ్రద్ధ కావాల్సిన పసివాడికి అది మరీ కష్టం. పుస్తకంలో మిగులు చూపించేవాళ్ళు పిల్లవాడి అలసటని ఏ పద్దులో రాస్తారు? ఇంకో విమర్శ కూడా ఉంది. రాష్ట్రం కొంత వెనక్కి ఇస్తుంది కాబట్టి, సొంతంగా చవకగా చేసుకోగలిగిన పనిని కూడా కొందరు బోసెస్‌కే అప్పగిస్తారని. అప్పుడు ఊరి పద్దు తగ్గుతుంది, రాష్ట్రం పద్దు పెరుగుతుంది. రెండూ కట్టేది మాత్రం ఒకే ఇంటాయన!

అయోవా రాష్ట్రంలో ఇంకో అడుగు ముందుకేశారు. రెండు డిస్ట్రిక్టులకీ ఒకే సూపరింటెండెంటు ఉంటారు. చిన్న తరగతులు ఒక ఊళ్ళో, హైస్కూలు ఇంకో ఊళ్ళో పెట్టుకుంటారు. కొన్నేళ్ళు ఇలా నడిచాక చాలా జంటలు పూర్తిగా కలిసిపోయాయి కూడా.

మనకీ ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1966లో కొఠారీ కమిషన్ స్కూల్ కాంప్లెక్సుల మాట చెప్పింది. ఒక హైస్కూలు, చుట్టూ ఉన్న చిన్న బడులు ఒక జట్టుగా ఏర్పడి ప్రయోగశాల, లైబ్రరీ పంచుకోవాలని. 2020 జాతీయ విద్యావిధానం మళ్ళీ అదే చెప్పింది. తేడా ఏమిటంటే, మన సర్కారు టీచర్ల జీతాలు రాష్ట్రం ఇస్తుంది. అందుకని ఎంత మిగిలిందీ, ఎవరికి మిగిలిందీ ఊరివాళ్ళ కంట పడదు. అక్కడ ఇంటిపన్ను బిల్లులోనే కనబడిపోతుంది.

న్యూయార్క్ రాష్ట్రంలో చాలా డిస్ట్రిక్టుల బడ్జెట్టు మీద మే నెల మూడో మంగళవారం ప్రజలే ఓటు వేస్తారు. మీ అమ్మాయికి గానీ అల్లుడికి గానీ అక్కడ ఓటుంటే, ఈసారి ఫోనులో ఒక మాట అడగమనండి: బోసెస్‌కి కడుతున్నదెంత, అందులో తిరిగి వస్తున్నదెంత, పిల్లలు బస్సులో కూర్చునేది ఎన్ని నిమిషాలు?