మన ఇంటిలోనే ఇంగ్లీషు బడి



గత సంవత్సరము వానాకాలములో ఒక సాయంత్రము మేము మా సంఘములోని ఒక కుటుంబమును చూడబోయాము. తండ్రి ఇంకా పొలము నుండి రాలేదు. తల్లి పొయ్యి దగ్గర ఉంది. మూడవ తరగతి చదువుతున్న వారి అమ్మాయి వసారాలో బోర్లా పడుకొని బొమ్మ గీసుకుంటున్నది. బడిలో ఇచ్చిన ఇంటిపని అది. మీ ఇంటి బొమ్మ గీసి, గదుల పేర్లు, సామానుల పేర్లు ఇంగ్లీషులో వ్రాసుకొని రావాలి.

మేము వంగి చూశాము. పుస్తకములో మేడ ఇల్లు గీసి ఉంది. డ్రాయింగ్ రూమ్, డైనింగ్ రూమ్, రెండు బెడ్‌రూములు, సోఫా, ఫ్రిజ్, అన్నిటికీ పేర్లు చక్కగా వ్రాసింది. "ఇది ఎవరి ఇల్లమ్మా?" అని అడిగాము. "మాదేనండి అయ్యగారూ" అన్నది. వారి ఇల్లు ఒకే గది, ముందు ఒక వసారా. మేము ఇంకేమీ అనక ముందే ఆ బిడ్డ తల దించుకొని, "మా ఇంట్లో ఉన్నవాటికి ఇంగ్లీషు పేర్లు లేవండి" అన్నది.

తల్లి పొయ్యి దగ్గర నుండి, "మాకు చదువు రాదు కదండీ అయ్యగారూ, అదేం రాసిందో నాకేం తెలుసు?" అన్నది. ఆ మాటలో కోపము లేదు, సిగ్గు ఉంది. ఆ రాత్రి ఇంటికి వచ్చాక మేమిద్దరము దీనిని గూర్చే చాలాసేపు మాట్లాడుకున్నాము. చదువు బిడ్డను పైకి తేవాలి గాని, తన ఇంటిని దాచుకొనేటట్లు చేయకూడదు గదా!

పేర్లు లేవా?

ఆ బిడ్డ అన్నది నిజము కాదు. మన ఇంట్లోని ప్రతి భాగమునకు ఇంగ్లీషులో పేరున్నది. గడపను థ్రెషోల్డ్ అంటారు. చూరును ఈవ్స్ అంటారు. దూలము బీమ్, పెరడు బ్యాక్‌యార్డ్, పొయ్యి హార్త్. రోలు మార్టర్, రోకలి పెసిల్. తిరగలిని క్వెర్న్ అంటారు. చేటను విన్నోయింగ్ ఫ్యాన్ అంటారు. ఇవి చాలా పాఠ్యపుస్తకాల బొమ్మలలో కనబడవు గనుక పిల్లలు వీటికి పేర్లే లేవనుకుంటారు.

ఇంకొక సంగతి వినండి. వసారాకు ఇంగ్లీషువారు చెప్పే వెరాండా అనే మాట వారు మన దేశములోనే నేర్చుకున్నారు. బంగళా అనే మాట హిందీ నుండి వెళ్ళి బంగ్లో అయినది. మంచమునకు వారు చెప్పే కాట్ అనే మాటకు మూలము హిందీలోని ఖాట్. మన నులక మంచమును స్ట్రింగ్ కాట్ అని చెప్పవచ్చును. అయితే ఇంగ్లండులో ఇప్పుడు కాట్ అంటే చంటిపిల్లల మంచము. పెద్దల మంచమును బెడ్ అంటారు.

మనము కూడ ఎరువు తెచ్చుకున్నాము. అల్మారా, బాల్చీ, తువ్వాలు, మేస్త్రీ, పూర్వము మా వంటి వారిని పిలిచిన పాదిరి, ఇవన్నీ పోర్చుగీసు మాటల నుండి వచ్చినవే. కుర్చీ అరబ్బీ నుండి ఉర్దూ ద్వారా వచ్చినది. ఈ దినమున ఏ అవ్వ కూడ కుర్చీని పరాయి మాట అనుకోదు. మాటలు ఇల్లు మారుతూనే ఉంటాయి. అందుకు సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

కొన్నిచోట్ల ఇంగ్లీషే బీదది. కుండ, కడవ, బాన, దుత్త, ముంత అని మనము వేరువేరుగా చెప్పేవాటిని వారు చాలావరకు పాట్ అనే ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటారు. ఉట్టికి సరిపోయే ఒక్క మాట లేదు. పిల్లి అందుకోకుండా దూలమునకు వ్రేలాడదీసిన తాటి అల్లిక అని వివరించి చెప్పాలి. అలా వివరించగలిగిన బిడ్డ వట్టి పేరు వల్లించిన బిడ్డకంటె ఎక్కువ ఇంగ్లీషు నేర్చుకున్నట్లే.

పొరపడే చోట్లు

డ్రాయింగ్ రూమ్ అంటే బొమ్మలు గీసే గది అని చాలామంది పిల్లలు అనుకుంటారు. కాదు. పూర్వము ఇంగ్లండులో పెద్ద ఇండ్లలోనివారు భోజనమైన తరువాత వెళ్ళి కూర్చునే గదిని విత్‌డ్రాయింగ్ రూమ్ అనేవారు. విత్‌డ్రా అంటే అక్కడి నుండి తొలగి వెళ్ళుట. రానురాను ముందు భాగము పోయి డ్రాయింగ్ రూమ్ మిగిలినది.

తెలుగులో వ్రాసినది వ్రాసినట్లు చదువుతాము. ఇంగ్లీషులో అలా కాదు. కప్ అనే మాటకు బోర్డ్ చేర్చి వ్రాసినా కబ్బర్డ్ అని పలకాలి. నైఫ్ మొదట ఉన్న కె పలకదు. దువ్వెనకు వ్రాసే కోమ్ అనే మాట చివర బి ఉన్నది గాని వినబడదు. పెసిల్ మధ్యన టి ఉన్నా సాధారణముగా పలకదు. గనుక మొదట చెవితో నేర్చుకొని, తరువాత చేతితో వ్రాయుట మేలు.

కత్తెర ఒక్కటే అయినా సిజర్స్ అనే అంటారు. ఫర్నిచర్ ఎన్ని సామానులున్నా ఫర్నిచరే, చివర ఎస్ చేర్చకూడదు. కరెంటు పోయింది అని మనమంటాము, ఇంగ్లీషులో పవర్ అనాలి. అక్కడ కరెంట్ అంటే తీగలో పారే ప్రవాహము.

ఏ విధముగా నేర్పాలి?

ఖర్చు లేని పద్ధతి చెబుతాము. వారానికి ఏడు మాటలు చాలు. బిడ్డ సుద్దముక్కతో తలుపు మీద, బల్ల మీద, పెట్టె మీద ఆ పేర్లు వ్రాయాలి. వారము కాగానే తుడిచి కొత్తవి వ్రాయాలి. సంవత్సరము తిరిగేసరికి మూడువందల అరవైకి పైగా మాటలవుతాయి.

రెండవది, ఒంటరి మాటను నేర్పకండి. మనము కుండలో, బల్ల మీద, మంచము క్రింద అంటాము. లో, మీద, క్రింద అనేవి వెనుక వస్తాయి. ఇంగ్లీషులో అవి ముందు వస్తాయి. ఇన్ ద పాట్, ఆన్ ద టేబుల్, అండర్ ద కాట్. ఈ ఒక్క తేడా తెలిస్తే పిల్లలకు వాక్యము కుదురుతుంది. రాత్రి అన్నాలయ్యాక ఒక ఆట ఆడండి. ఒకరు వేర్ ఈజ్ ద బ్రూమ్ అని అడగాలి. ఇంకొకరు చీపురును వెదకి, బిహైండ్ ద డోర్ అని చెప్పాలి.

మూడవది, తల్లి కూడ బడిలో చేరాలి. తల్లి తెలుగు పేరు చెప్పాలి, బిడ్డ ఇంగ్లీషు పేరు చెప్పాలి. నేటి పిల్లలలో అనేకులకు కవ్వము, కుంపటి, అటక అనే మాటలు తెలియవు. కాబట్టి ఇద్దరూ గురువులే, ఇద్దరూ విద్యార్థులే. రెండు రాష్ట్రములలోను ప్రభుత్వ బడులకు ఒక ప్రక్క ఇంగ్లీషు, ఎదుటి ప్రక్క తెలుగు ఉండే పాఠ్యపుస్తకములు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో అవి 2020-21 విద్యా సంవత్సరములో, తెలంగాణలో 2022-23లో మొదలయ్యాయి. తెలుగు చదువగలిగిన తల్లి ఆ పేజీ చూస్తూ బిడ్డ ఏమి చదువుతున్నదో తెలుసుకోవచ్చును.

ప్రాణమును కాపాడే మాటలు

ఇది పిల్లల పాఠము మాత్రమే కాదు. మన ఇండ్లలో పురుగు మందు డబ్బా అటక మీదనో, చూరులోనో ఉంటుంది. మన దేశములో ఆ డబ్బా మీద రంగు గుర్తు వేయాలని 1971 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఎరుపు అన్నిటికంటె ప్రమాదకరమైనది, దాని మీద పుర్రె గుర్తు కూడ ఉంటుంది. తరువాతిది పసుపు. ఈ రెంటి మీద పాయిజన్ అని ఉంటుంది, అనగా విషము. నీలము మీద డేంజర్, ఆకుపచ్చ మీద కాషన్ అని ఉంటుంది. ఆకుపచ్చ అంటే ప్రమాదము లేదని కాదు, తక్కువ అని మాత్రమే. ఈ మూడు మాటలు ఇంటిలోని ప్రతివారికి కంఠతా రావాలి. ఖాళీ డబ్బాలో నీళ్ళు, నూనె పోసుకొనే అలవాటు ఉంటే వెంటనే మానండి.

గోదావరి జిల్లాల నుండి, కడప ప్రాంతము నుండి ఇంటిపనికి కువైట్ మొదలైన దేశములకు వెళ్ళే సహోదరీలు అనేకులు. అక్కడ ఇంటివారి మాట అరబ్బీ అయినను, సీసాల మీద ఇంగ్లీషు కూడ కనబడుతుంది. బ్లీచ్ అని ఉన్నదానిని, యాసిడ్ అని ఉన్నదానిని కలిపితే ఊపిరికి ప్రమాదమైన వాయువు పుడుతుంది. ఆ రెండు మాటలు గుర్తుపట్టగలిగితే చాలు, పెద్ద అపాయము తప్పుతుంది. వెళ్ళబోయేవారికి ఇంటి సామానుల పేర్లు నేర్పి పంపుట మనందరి బాధ్యత.

మళ్ళీ ఆ ఇంటికి

మరుసటి వారము మేము ఒక సుద్దముక్కల పెట్టె తీసుకొని ఆ ఇంటికి వెళ్ళాము. గడప మీద మొదటి పేరు వ్రాయించాము. థ్రెషోల్డ్ అనే మాట ఆ తల్లికి నోరు తిరగలేదు. "తెసోలు" అన్నది. బిడ్డ పక్కున నవ్వి, మూడుసార్లు పలికించింది. తరువాత తల్లి, "మరి దుత్తకేమంటారే?" అని అడిగింది. అమ్మ తనను పాఠము అడుగుట ఆ బిడ్డకు అదే మొదటిసారి.

నెల తిరిగాక ఆ అమ్మాయి పుస్తకము మాకు చూపించింది. క్రొత్త పేజీలో ఒకే గది, ముందు వసారా, దూలమునకు ఉట్టి, తలుపు చాటున చీపురు. పైన అవర్ హౌస్ హాజ్ వన్ రూమ్ అండ్ ఎ వెరాండా అని వ్రాసి ఉంది. ఉపాధ్యాయిని ఒక స్పెల్లింగు దిద్ది, ఉట్టి బొమ్మ ప్రక్కన, ఇది ఏమిటో రేపు తరగతికి చెప్పు అని వ్రాశారు.

చెప్పావా అని అడిగాము. "చెప్పానండి. పిల్లి కథ కూడా చెప్పాను" అన్నది. ఈసారి తల దించుకోలేదు.

తల్లిదండ్రులారా, ఈ వారము మీ ఇంటి గడప దగ్గర మొదలుపెట్టండి. సుద్దముక్క మీ బిడ్డ చేతికి ఇవ్వండి.