వ్యాపార నిర్వహణ విద్య – ప్రవేశావకాశాల అంచనా

డొంకూరు వంటి తీరగ్రామంలో పుట్టి పెరిగిన విద్యార్థికి ఉన్నత వ్యాపార నిర్వహణ విద్య నేడు అందరానిది కాదు. 1961లో కలకత్తా, అహమ్మదాబాదు నగరాలలో ఆరంభమైన ఐ.ఐ.ఎం. సంస్థల పరంపర 2015లో విశాఖపట్నం చేరినది. అయితే దూరం తగ్గినంత మాత్రాన పోటీ తగ్గదు. కనుక దరఖాస్తు చేయుటకు ముందే తన బలాబలాలను తూచుకొనుట విద్యార్థికి అవసరం.

ఈ సంస్థల ప్రవేశానికి క్యాట్ పరీక్ష తొలి మెట్టు. దాని ఫలితాన్ని పర్సెంటైల్ రూపంలో ప్రకటిస్తారు. ఇది మార్కుల శాతం కాదు; మన వెనుక నిలిచినవారి శాతం. 2023లో సుమారు 2.88 లక్షల మంది ఈ పరీక్ష వ్రాశారు. 90 పర్సెంటైల్ అన్నది వినుటకు ఘనంగా తోచినా, ఆ స్థాయిలోను, అంతకు పైనను దాదాపు 28,800 మంది ఉన్నారన్నమాట. 99 సాధించినవారి శ్రేణిలో సైతం 2,880 మంది ఉంటారు.

పరీక్షలో ఆంగ్ల పఠనావగాహన, సమాచార విశ్లేషణ–తర్కం, గణితం అను మూడు విభాగాలు కలవు. ఒక్కొక్కదానికి 40 నిమిషాలు. ప్రతి విభాగంలోను కనీసార్హత కోరుతారు గనుక, గణితంలోని ప్రతిభ ఆంగ్లంలోని లోటును కప్పిపుచ్చజాలదు. ఉర్దూ, తెలుగు మాధ్యమాలలో చదివినవారు ఈ సంగతి ముఖ్యంగా గమనించవలెను.

సరియైన జవాబుకు 3 మార్కులు. ఐచ్ఛిక ప్రశ్నకు తప్పు జవాబైతే 1 మార్కు కోత. నాలుగు జవాబులలో ఒకదానిని గ్రుడ్డిగా గుర్తిస్తే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్కటైనా తప్పని నిశ్చయంగా తోసిపుచ్చగలిగినప్పుడే ఊహ లాభిస్తుంది.

క్యాట్ ఒక్కటే నిర్ణాయకం కాదు. పదవ తరగతి, ఇంటర్మీడియట్, డిగ్రీ మార్కులకు, ఉద్యోగానుభవానికి, మౌఖిక పరీక్షకు అనేక సంస్థలు విలువనిస్తాయి. గడచిన మార్కులు మారవు. డిగ్రీ మార్కులు మాత్రం నేటికీ మన చేతిలోనివే. మౌఖిక పరీక్షలో పలాస జీడిపప్పు వ్యాపారాన్ని గూర్చి, 2018లో తిత్లీ తుఫాను ఉద్దానం తోటలకు కలిగించిన నష్టాన్ని గూర్చి స్పష్టంగా వివరించగల విద్యార్థికి అది గొప్ప బలం.

రిజర్వేషన్ విషయంలో పొరపాటు పడరాదు. రాష్ట్ర జాబితాలో వెనుకబడిన తరగతిగా ఉన్న ప్రతి వర్గమూ కేంద్ర జాబితాలో ఉండదు. ఐ.ఐ.ఎం.లకు కేంద్ర జాబితాయే ప్రమాణం. అందులో లేనివారు, ఆదాయ, ఆస్తి పరిమితులకు లోబడియున్నచో, ఆర్థికంగా బలహీన వర్గాలకు కేటాయించిన 10 శాతం సీట్లకు అర్హులగుదురేమో విచారించవలెను. ధ్రువపత్రం సకాలంలో లేకున్న మంచి ఫలితమూ వృథా కాగలదు.

కావున దరఖాస్తులను మూడు తెగలుగా విభజించుకొనుట వివేకం: శక్తికి మించినవి, శక్తికి తగినవి, నిశ్చయంగా లభించగలవి. మూడవ తెగకు ఐసెట్ ద్వారా రాష్ట్ర కళాశాలలు కలవు. ఆ పరీక్షలో తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. కళాశాల పాలకవర్గం ఏటా రెండు నమూనా పరీక్షలు నిర్వహించి, గ్రంథాలయంలో ఆంగ్ల దినపత్రికను అందుబాటులో ఉంచినచో, మన విద్యార్థులు తమ స్థానాన్ని మొదటి సంవత్సరంలోనే ఎరుగగలరు. లోటు ముందుగా తెలిసినవానికే దానిని పూడ్చుకొను వ్యవధి ఉంటుంది.