పడవెక్కే చోటు దగ్గరే అసలు చిక్కు

దక్షిణ అట్లాంటిక్ నడిమధ్యన ఉన్న ట్రిస్టన్ డా కున్యా దీవికి ఇరుగూపొరుగూ లేరు. మనుషులుండే నేల కావాలంటే సుమారు 2,400 కిలోమీటర్లు దాటి సెయింట్ హెలీనా చేరాలి. దీవంటే ఒక అగ్నిపర్వతం, దాని పాదం దగ్గర ఒక్కటే ఊరు. 1961 ఆగస్టు నుంచి ఆ ఊళ్లో నేల అదురుతూ వచ్చింది. అక్టోబరు 9న ఇళ్లకు దగ్గర్లోనే ఉబ్బి, పగిలింది. శిలాద్రవం పైకి తోసుకొస్తోందనడానికి అంతకు మించిన గుర్తు అక్కర్లేదు. ఊరి జనం 264 మంది.

వెళ్లే చోటు వాళ్లకు కొత్తేమీ కాదు. 40 కిలోమీటర్ల లోపే నైటింగేల్ దీవి ఉంది. పక్షుల గుడ్ల కోసం, ఎరువు కోసం ఏటా వెళ్తుండేవారు, గుడిసెలూ వేసుకున్నారు. అదృష్టం కొద్దీ లాబ్‌స్టర్లు పట్టే రెండు ఓడలు దగ్గర్లోనే ఉన్నాయి. ఇక మిగిలింది ఒడ్డు నుంచి ఓడ దాకా చేరడం. రేవు లేని దీవిలో ఓడ ఒడ్డుకు రాదు. చిన్న పడవల్లో విడతలవారీగా దాటించాల్సిందే.

ఇలాంటి చోట ఎంత సమయం పడుతుందో ఊహకు లెక్క వేద్దాం. పడవకు 20 మంది చొప్పున 264 మందికి 14 ట్రిప్పులు. మూడు పడవలుంటే అయిదు విడతలు. ఎక్కించడం, దించడం, రానూపోనూ కలిపి విడతకు 40 నిమిషాలనుకుంటే మూడు గంటల ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. అల లేస్తే ఈ లెక్క తిరగబడుతుంది. జనం ఎక్కేకొద్దీ పడవ దిగబడి, దాని అంచు నీటికి దగ్గరవుతుంది. అప్పుడు చిన్న అల కూడా లోపలికి దూకుతుంది. పైగా భయంతో ఎవరైనా లేచి నిలబడితే బరువు పైకి చేరి పడవ ఒరిగిపోతుంది. వరదప్పుడు గోదావరి లంకల్లో జనాన్ని కూర్చోమని పడవవాళ్లు కసురుకునేది ఇందుకే. అందుకని పడవకు పదిమందినే ఎక్కిస్తే 27 ట్రిప్పులు, తొమ్మిది విడతలు, ఆరు గంటలు. లావా అంతసేపు ఆగుతుందా?

ట్రిస్టన్ వాళ్లు కొంపలంటుకునేదాకా కూర్చోలేదు. నేల ఉబ్బిన సాయంత్రమే ఊరు వదిలి, బంగాళాదుంపల చేల వైపు నడిచారు. మర్నాడు ఓడలెక్కి నైటింగేల్ చేరారు. నాలుగు చదరపు కిలోమీటర్లైనా లేని ఆ దీవి అంతమందికి మజిలీ కాగలదు గానీ నివాసం కాలేదు. 11న టిజిసడానే అనే డచ్ ప్రయాణికుల ఓడ వచ్చి వాళ్లను కేప్‌టౌన్‌కు తీసుకెళ్లింది, అక్కడి నుంచి ఇంగ్లండ్‌కు. నా దృష్టిలో ఈ ఏర్పాటులో మెచ్చుకోదగ్గది ఇదే: దగ్గరి ఆశ్రయాన్ని ఒక మెట్టుగానే వాడుకున్నారు.

ఆ తర్వాత లావా పారి, చేపల ఫ్యాక్టరీనీ పడవలు దించే తీరాలనూ కప్పేసింది. ఇళ్లు మాత్రం చాలావరకు మిగిలాయి. 1963లో తిరిగొచ్చినవాళ్లకు ఇళ్లున్నా పడవ దించే చోటు కరువైంది. 1967లో చిన్న రేవు కట్టుకున్నారు. సముద్రం పోటెత్తిన రోజున అక్కడ కూడా పడవ దించరు.