చమురుకంటె మందే విషమైన వృత్తాంతము

కిరసనాయిలును సబ్బునీటితో చిలికి పైరుమీది పురుగులకు చల్లు పద్ధతి మన రైతులలో పెద్ద లెరిగినదే. నూనె యొక్కటియే యైనచో నీటిపై తెట్టెకట్టి తేలును. సబ్బు చేరినతోడనే యది సన్నని బిందువులై నీట కలసి, పురుగు దేహమున కంతటికి నంటుకొని దానిని చంపును. ఇదే క్రియ యొకప్పు డొక సముద్రతీరమున పెద్దయెత్తున జరిగి జీవరాశికి మిక్కిలి నష్టము కలిగించెను. ఆ వృత్తాంతము మన సభ్యులకు నుపయోగించునని తలచి యిచట వ్రాయుచున్నాము.

1967వ సంవత్సరము మార్చి 18వ తేదీన 'టోరీ కాన్యన్' అను ఓడ సుమారు 1,19,000 టన్నుల కువైటు ముడిచమురుతో వచ్చుచు, ఇంగ్లండు నైరుతి కొనయందలి కార్న్‌వాల్ సమీపమున, సెవెన్ స్టోన్స్ అను రాతిగుట్టలకు తగిలి చీలిపోయెను. చమురు కెరటములతో కొట్టుకొనివచ్చి తీరమును నల్లగా కప్పెను. ఈకలు చమురున తడిసిన సముద్రపక్షులు చలికోర్వలేకయు, ఈదలేకయు వేలకొలది చచ్చెను.

తీరమును శీఘ్రముగా శుభ్రము చేయవలెనను తొందరలో నచటివారు సుమారు 10,000 టన్నుల డిటర్జంటును చల్లిరి. ఆనాటి యా మందులో సబ్బువంటి పదార్థముతోపాటు కిరసనాయిలు జాతికి చెందిన ఘాటైన ద్రావకము గూడ నుండెను. అది స్వయముగా విషము. ప్లిమతు నగరమందలి సముద్రజీవ పరిశోధనశాలవారు తీరమును పరీక్షించి, రాళ్లపై బ్రతుకు ప్రాణులలో నెక్కువభాగము చచ్చినది చమురువలన గాక మందువలననే యని తేల్చిరి. లింపెట్ అను నత్తజాతి జీవులు చమురంటిన రాళ్లపై కొన్ని బ్రతికి మేయుచుండగా, మందు చల్లినచోట రాలిపడి నశించెను.

చమురు నిరపాయమని దీని యర్థము గాదు. ముడిచమురులోని తేలికభాగములు మిక్కిలి విషములు; అవి యధికభాగము గాలిలో నావిరియై పోవును. చిక్కని భాగము ప్రాణులను కప్పి యూపిరాడనీయదు. నీట కొద్దిగా కరగు కొన్ని పదార్థములు గ్రుడ్డులోని చేపపిల్ల గుండెను చెరచునని, 1989లో అలాస్కాయందు 'ఎక్సాన్ వాల్డెజ్' ఓడనుండి చమురొలికిన పిమ్మట జరిగిన పరిశోధనలు చూపినవి.

పశువులు పచ్చికను మేసినట్లు లింపెట్లు రాతినాచును మేయును. మేయునవి లేకపోగా కార్న్‌వాల్‌లో మందు చల్లిన రాళ్లు నాచుతో నిండిపోయెను. మందు విస్తారముగా చల్లిన తీరములు పూర్వస్థితికి వచ్చుటకు పది పదునైదేండ్లు పట్టెను. మందు వాడని గాడ్రెవీ యను చోటు రెండుమూడేండ్లలోనే కోలుకొనెను.

నేటి మందు లానాటివానివలె ఘాటైనవి గావు. అయినను ఈ పాఠము మన చెరువులకును, కాలువలకును వర్తించును. పంపుసెట్టునుండి గాని, ట్రాక్టరునుండి గాని నూనె నీట నొలికినపుడు సబ్బుపొడి చల్లి తెట్టెను మాయము చేయుట శుభ్రత గాదు. కంటికి మాయమైన నూనె చేపల మొప్పలలో చేరును. మొదట కారుచోటు మూయవలెను. పిదప ఎండుగడ్డితో గాని, రంపపుపొట్టుతో గాని నూనెను పీల్పించి పైకి తీయవలెను. ఆ గడ్డి పశువుల నోటికందకుండ జాగ్రత్తపడవలెను. యంత్రములనుండి దింపిన పాతనూనెను కాలువగట్టున పారబోయక, సంఘము తరఫున నొక పీపాలో పోగుచేసి, శుద్ధిచేయువారికి విక్రయించు నేర్పాటు ప్రతి గ్రామసంఘమును చేసికొనవలెనని మా మనవి.