కదిలే ముఖం కథే వేరు!

కడప జిల్లా వల్లూరు మండలం పుష్పగిరి గుడి గోడల మీది ముఖాలు వందల ఏళ్లుగా రెప్ప వాల్చలేదు. గుడి బయట కబుర్లాడుకునే ముఖాలు క్షణం కుదురుగా ఉండవు. ఈ రెండు రకాలకూ మన మెదడు వేర్వేరు లెక్కలు రాసుకుంటుంది.

పుట్టిన 9 నిమిషాలకే!
పుట్టి సుమారు 9 నిమిషాలైన 40 మంది పసికందుల ముందు బొమ్మల్ని మెల్లగా కదిపి చూశారు అమెరికా పరిశోధకులు. కళ్లు, ముక్కు, నోరు ఉండాల్సిన చోట ఉన్న బొమ్మ వెంటే పిల్లల చూపు ఎక్కువ దూరం సాగింది. ఈ ఫలితం 1975లో అచ్చయింది.

మూడు రెట్ల హుషారు
మెదడు అడుగున ముఖాల కోసమే పనిచేసే చోటును 1997లో నాన్సీ కాన్విషర్ బృందం ‘ఫ్యూజిఫామ్ ఫేస్ ఏరియా’ అంది. ఫొటో అయినా వీడియో అయినా దానికి ఇంచుమించు ఒకటే. కుడి చెవికి పైనుండే ఓ మెదడు మడత అలా కాదు. ముఖం కదిలితే దాని స్పందన దాదాపు మూడు రెట్లవుతుందని 2011లో డేవిడ్ పిచర్ బృందం తేల్చింది.

చుక్కల్లో చిరునవ్వు
1978లో పరిశోధకుడు జాన్ బసిలి నటుల ముఖాలకు నల్లరంగు పూసి, తెల్లచుక్కలు పెట్టి చీకట్లో చిత్రీకరించాడు. చుక్కలు నిలిచి ఉంటే పెద్దగా ఏమీ తెలియదు. కదిలాయా, అది కోపమో సంతోషమో చూసేవాళ్లు పోల్చుకున్నారు.

చెవిని మోసగించే పెదవులు
వినిపించేది ‘బ’, పెదవులు పలికేది ‘గ’. చాలామందికి వినపడేది మాత్రం ‘ద’! 1976లో పరిశోధకులు మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ బయటపెట్టిన తమాషా ఇది. కళ్లు మూసుకుంటే మళ్లీ ‘బ’యే.

ముఖం ఒకరిది, కదలిక ఇంకొకరిది
జోకులు చెప్పేవాళ్ల ముఖ కదలికల్ని ఒకే కంప్యూటర్ ముఖానికి తొడిగినా, ఏ కదలికలు ఒకే మనిషివో చూసేవాళ్లు పట్టగలిగారని 2001 నాటి పరిశోధన. తెలుగువాళ్లకిది 1957లోనే తెలుసు. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి.నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి తీసిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖగా మారతాడు. తెర మీద ఉన్నది సావిత్రి. కనుబొమ్మ ఎగరేసే తీరూ, మూతి బిగించే తీరూ మాత్రం ఘటోత్కచుడి పాత్రధారి ఎస్వీ రంగారావువే!